తేనెపెట్టె వాకిలి

మా తమ్ముడి కూతురు సరోజ ఇంట్లో కోళ్ళు తేనెపెట్టెలో గుడ్లు పెడుతున్నాయి. మొన్న చలి మొదలయ్యే రోజుల్లో ఊరు వెళ్ళినప్పుడు చూశాను. "ఉండత్తా, అట్టేస్తాను, గుడ్డు తెస్తా" అని ఆ పిల్ల పెరట్లోకి పోతే, ఆటోలో పట్టేసిన కాళ్ళు సాగదీద్దామని నేనూ వెనకే పోయాను. మునగచెట్టు కింద, ఇటుకల మీద, మూత లేని చెక్కపెట్టె ఒకటి ఉంది. అందులో గడ్డి. గడ్డిలో కూచున్న ఎర్రకోడి నన్ను చూసి కసిరి, రెక్కలు దులుపుకుని దూకి పోయింది. పెట్టె ముందువైపు అడుగున, చిటికెన వేలు కూడా దూరనంత సన్నటి చీలిక, ఈగల వాకిలి, కనిపించేదాకా అది ఏ పెట్టో నాకు తట్టలేదు. తట్టాక దాని ముందు నేల మీద కూచున్నాను. సరోజ కంగారుపడి నా భుజం పట్టుకుంది. నేను తల పెట్టెలోకి పెట్టి వాసన చూశాను. ముందు కోడి వాసన. తర్వాత తడిసిన గడ్డి. వాటి వెనక, చెక్కలోకి ఇంకిపోయి, ఇంకా పోకుండా ఉన్న మైనం వాసన.

నేను ఆత్మలను నమ్మను. పోయినవాళ్ళు ఎక్కడో ఉండి మనల్ని చూస్తుంటారంటే, చావింట్లో కూచుని కూడా వాదనకు దిగి తిట్లు తిన్నదాన్ని. చనిపోయిన మనిషి ఉండదు, అంతే. కానీ ఆ మనిషి రుద్దిన మైనం మాత్రం ఉంటుంది. దాన్ని కాదనడానికి నా దగ్గర ఏ హేతువూ లేదు. సరోజ పుట్టకముందు నుంచీ ఖాళీగా ఉన్న పెట్టె అది. దానికి మైనం రుద్దింది మా పెద్దమ్మ సువార్తమ్మ.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. ఊరికి ఎడంగా ఉన్న మా పల్లెలో మిషన్ వాళ్ళ చిన్నబడికి పంతులమ్మ. మా పల్లెలో చదువుకుని ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఇప్పుడు సరోజ ఉంటున్న మా ఇల్లు పల్లెకు చిట్టచివర. పెరటి కంచె దాటితే ఊళ్ళో రైతు కోటయ్య గారి నల్లరేగడి చేను. అటు పత్తి, ఇటు మేము, మధ్యలో కంపకంచె. ఒకసారి గుంటూరులో పంతుళ్ళకు తేనెటీగల పెంపకం మీద శిక్షణ ఇచ్చి, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక పెట్టె చేతిలో పెట్టారు. మిగతావాళ్ళు వాటిని బళ్ళో కూచునే పీటలుగా వాడారని విన్నాం. పెద్దమ్మ మాత్రం చింతతొర్రలోంచి ఒక గుంపును పట్టించి తెచ్చి పెట్టెలో పెట్టింది. ఆ ఒక్క గుంపే కొన్నేళ్ళకు పెరడంతా అయింది.

ఆవిడ పొద్దు ఈగలతోనే మొదలయ్యేది. ముఖం కడగ్గానే ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి పోయి, ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి, వేలి కణుపుతో మెల్లగా తట్టేది. లోపల్నించి ఒక్కసారి 'ఝుమ్మ'ని లేచి అంతలోనే సద్దుమణిగితే బాగున్నట్టు. గొణుగుడు సాగుతూనే ఉంటే రాణి ఈగకు ఏదో అయినట్టు. ఆ తర్వాతే మాతో మాట. పెట్టె తెరిచే రోజు తలకు నూనె రాసుకునేది కాదు, వాసన సబ్బు ముట్టేది కాదు. కొబ్బరిపీచు, ఎండు వేపాకు కలిపి రేకుడబ్బాలో రాజేసి పొగ వదిలేది. ఆ పొగ ఆవిడ చీరలకు పట్టేసి ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. గుడిలో ఆవిడ పక్కన కూచునేందుకు పాస్టరమ్మ గారు జంకేది. మాకు మాత్రం నిద్ర పట్టాలంటే ఆ వాసన కావాలి. జ్వరమొస్తే ఆ చీర కొంగే కప్పుకునేవాళ్ళం. కోతపండుగ రోజు గుడిలో పల్లెవాళ్ళంతా వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు కానుకలుగా తెచ్చి వేలం వేసేవాళ్ళు. పెద్దమ్మ తేనెసీసాను ఎప్పుడూ చివర్న తీసేవాళ్ళు. ముందే తీస్తే మిగతా వస్తువులు ఎవరూ పాడరని పెద్దల భయం.

చలికాలానికి పెట్టెలు సిద్ధం చేయడం ఆవిడ ఏడాదిలో పెద్ద పని. శిక్షణలో చెప్పిందేమో పెట్టెల చుట్టూ గడ్డి కట్టండి, గోనెలు చుట్టండి, చలిగాలి తగలనీయకండి అని. అది ఏ కొండప్రాంతం కోసమో ఎవరో చెప్పిన పాఠం. మా పల్నాటి సరిహద్దు చేలల్లో చలి అంటే పొద్దున్నే కాస్త మంచు, రాత్రికి ఒక దుప్పటి. పైగా మాకు చలికాలమే పూలకాలం. పత్తి పూసేది అప్పుడే, మిరప, కంది, ధనియాలు పూసేదీ అప్పుడే. పెద్దమ్మ శిక్షణ కాగితాలను మడిచి పెట్టెల కింద ఎగుడుదిగుడు సరిచేయడానికి వాడేసింది. "మన చలి ఈగను చంపదు, మన మందు చంపుద్ది" అనేది. అందుకని ఆవిడ సిద్ధం చేసేది చలికి కాదు, చలికాలంలో పత్తికి కొట్టే మందుకు.

వానలు తగ్గుముఖం పట్టగానే మొదలయ్యేది. అడుగుపలకలు తీసి చెంచాతో గీకి, మైనం తినే పురుగు గూళ్ళను ఏరి పొయ్యిలో వేసేది. స్టాండు కాళ్ళ కింద మూకుళ్ళలో నీళ్ళు మార్చేది, చీమలెక్కకుండా. వానల్లో పూలులేక చిక్కిపోయిన గూళ్ళకు కొబ్బరిచిప్పల్లో పంచదార పాకం పోసి, మునిగిపోకుండా పైన పుల్లలు వేసేది. బలం లేని రెండు గూళ్ళుంటే ఒకటి చేసేది. ఆ పని చూడ్డానికి నా కళ్ళు ఇప్పటికీ ఆశపడతాయి. ఉత్తినే కలిపితే ఒకదాన్నొకటి కుట్టి చంపుకుంటాయి, వాసన వేరు కాబట్టి. అందుకని కింద ఒక గూడు, పైన ఒక గూడు పెట్టి, మధ్యలో పాత వార్తాపత్రిక పరిచేది. రెండువైపుల నుంచీ ఈగలు కాగితాన్ని కొరకడం మొదలుపెట్టేవి. పొద్దున్నే పెట్టె వాకిలి ముందు కాగితపు పొట్టు రాలి ఉండేది. కాగితం చిల్లులు పడి ముఖాముఖి కలిసేసరికి రెండు గూళ్ళ వాసనా ఒకటైపోయేది. కొట్లాట లేదు. ఊరికీ పల్లెకూ మధ్య ఏ మందాన కాగితం పరిచారో, ఇన్ని తరాలు కొరికినా చిల్లు పడలేదని అప్పట్లోనే ఒక వ్యాసంలో రాశాను. కళాశాల పత్రికవాళ్ళు వేసుకోలేదు.

ఇవన్నీ అయ్యాక అసలు పని. సీసాల్లో తేనె నింపుకుని, చుట్టుపక్కల చేలున్న రైతుల ఇళ్ళకు పోయి అడగడం. మందు కొట్టే ముందు రోజు చేనుగట్టు మీద కట్టెకు ఒక గుడ్డ కట్టమని. అది మా దగ్గర ఆవిడ పెట్టిన ఆచారం. ఏ గుడ్డయినా సరే, పాత తువ్వాలో చీరపేలికో. అది కనపడితే ఆ సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక, తడిగుడ్డ చుట్టి వాకిళ్ళు మూసేసేది. మర్నాడు మందు కొట్టడం అయిపోయి, వాసన చప్పబడ్డాక తెరిచేది. అంతే ఏర్పాటు. ఒక్క రైతు మాట మరిచినా పెరడంతా చచ్చేది. కాబట్టి ప్రతి ఏడూ, ప్రతి గడపా ఎక్కాలి. ఎక్కాలని రాశాను గానీ, ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అరుగు కింద నిలబడి అడగాలి.

ఆ ఏడు నేను మా దగ్గరి పట్నం పేటలో డిగ్రీ చివరి సంవత్సరం. పొద్దున కళాశాల, సాయంత్రం పత్తి జిన్నింగ్ మిల్లుల వెనక ఒక అద్దెగదిలో చర్చాగోష్ఠులు. దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్నతో మొదలై, తిరుగుబస్సు పోయేదాకా సాగేవి. ఇంటికి రాగానే మిగిలిన వాదన పెద్దమ్మ మీద ప్రయోగించేదాన్ని. ఆవిడ చేట ముందు కూచుని పప్పు ఏరుకుంటూ అంతా విని, "సరేగానీ, ఆ దేవుడు లేడన్నాయన అన్నం తిన్నాడా, నువ్వు తిను" అనేది. ఆ ఏడు తేనెసీసాల సంచి మోయడానికి నన్ను వెంట తీసుకుపోయింది. అది ఆవిడ చేసిన సాహసం.

కోటయ్య గారి ఇంటికి చివర్న పోయాం. ఆయన కొడుకుకు ఎక్కాలు నేర్పింది పెద్దమ్మే. అయినా ఆవిడ కింద, ఆయన పైన. "ఏం టీచరమ్మా, ఈ ఏడు బాగా దిగిందా తేనె?" అన్నాడు. "దిగిందండి. మీ పత్తిపూవు తేనేనండి అంతా" అంది పెద్దమ్మ. లోపల్నించి ఆయన తల్లి నాగరత్తమ్మ గారు ఇత్తడిచెంబు తెచ్చి అరుగు అంచున పెట్టి వెనక్కి జరిగింది. పెద్దమ్మ సీసాను ఎత్తు నుంచి వంచి, మూతి చెంబుకు తగలకుండా పోసింది. ఎండలో ఆ ధార బంగారు దారంలా వేలాడింది, ఎక్కడా తెగలేదు, బొట్టు పక్కన పడలేదు. అంత ఎత్తు నుంచి తొణక్కుండా పోయడం పెద్దమ్మకు వచ్చిన విద్య. ఆ విద్య ఎవరికీ అవసరం లేని రోజు రావాలనే నేను తర్వాత కలం పట్టాను.

నేను ఆగలేకపోయాను. ఆ తేనె ఏం చేసుకుంటారని ముసలావిడను అడిగాను. సోమవారం అభిషేకానికి, మిగిలింది దగ్గుకు అంది. తేనె అంటే ఏమిటో తెలుసా అన్నాను. "తెలవకేం, ఈగ ఎంగిలి" అంది.

"ఈగ ఎంగిలి దేవుడి నెత్తిన పోయొచ్చు. మా సీసా మూతి మీ చెంబుకి తగిలితే మాత్రం మైలా అవ్వా?"

కోటయ్య గారు నోట్లో చుట్ట పక్కకు తీశాడు. పెద్దమ్మ నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. ముసలావిడకు కోపం రాలేదు. తలుపుచెక్కకు ఆనుకుని కాసేపు ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది.

"ఈగకి కులం లేదు పిల్లా. అందుకని దాని ఎంగిలి చెల్లుద్ది."

నా జీవితంలో ఎందరో పండితులతో వేదికల మీద వాదించాను. శ్లోకాలు విసిరినవాళ్ళున్నారు, బైబిలు వాక్యాలు విసిరినవాళ్ళున్నారు. కులం గురించి అంత నిజాయితీగా, అంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్ళు లేరు. ధర్మం అనలేదు, కర్మ అనలేదు. మనిషికి ఉన్నదీ ఈగకు లేనిదీ ఏమిటో చెప్పి లోపలికి పోయింది. ఆ ప్రశ్న అడిగినందుకు నేను చింతించలేదు, ఈ రోజైనా అడుగుతాను. కోటయ్య గారు మాత్రం చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, "మీ పిల్లకి పేట చదువు బాగానే ఒంటబట్టింది టీచరమ్మా" అన్నాడు. గుడ్డ కడతానని గానీ కట్టనని గానీ అనలేదు.

డొంకలో ఎడ్లబండికి దారిచ్చి పక్కన నిలబడ్డప్పుడు పెద్దమ్మ అంది: "నువ్వడిగింది తప్పని నేననను. నేను పోయింది గుడ్డ కోసం."

"ఇంకా ఎన్నేళ్ళు పోస్తావు పెద్దమ్మా, అట్టా ఎత్తు నుంచి?"

"ఈగలు బతికున్నన్నేళ్ళు. నీ వాదం నెగ్గి నా ఈగలు చస్తే, ఆ గెలుపు ఏ సీసాలో పోసుకుంటావే?"

తర్వాత రోజుల్లో మా ఇంట్లో అన్నం ముద్ద దిగింది లేదు. పత్తికి పచ్చపురుగు తగిలే సమయం. చుట్టుపక్కల గట్ల మీద ఒక్కోటీ గుడ్డలు లేస్తున్నాయి, కోటయ్య గారి గట్టు మాత్రం బోసిగా ఉంది. కంచెకు ఆనుకుని ఉన్న చేను అదే. పెద్దమ్మ పొద్దున పెట్టెలకు చెవి ఆనించాక, కంచె దగ్గరకు పోయి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. నన్ను ఒక్క మాట అనేది కాదు. అమ్మ అనేది, ఆవిడ వంతూ కలిపి. ఒక సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే, గట్టు మీద కందికట్టెకు కోటయ్య గారి ఎర్రతువ్వాలు కట్టి ఉంది. పెద్దమ్మ అప్పటికే గుడ్డలు తడిపి, ఒక్కో వాకిలీ మూస్తోంది. ముఖం చూస్తే పండుగ. నన్ను చూసి, "మాట మనిషి" అంది, అంతే.

ఆ సంతోషం ఎన్నో రోజులు లేదు. తెల్లదోమ వచ్చింది. చేలో నడిస్తే కాళ్ళ దగ్గర్నించి పొగలా లేచేది. ఆకులంతా జిగట, ఆ జిగట మీద మసి. రైతులు దాన్ని తేనెబంక అనేవాళ్ళు. ఆ పేరు వింటే పెద్దమ్మ ముఖం చిట్లించేది. ఏ మందుకూ చావలేదది. ఒక మందు కొట్టి, చావలేదని రెండు కలిపి కొట్టి, ఇంకా చావలేదని పేరు తెలియని మూడోది కలిపేవాళ్ళు. మా పాస్టరు గారు అది పాపానికి వచ్చిన తీర్పని చెప్పి కానుకలు పెంచమన్నాడు. ఊళ్ళో అమ్మవారికి కోపం వచ్చిందని జంతువులను కోశారు. పేటలో మందుల కొట్టువాడు, దేవుడి బొమ్మ వేసిన క్యాలెండరు చేతిలో పెట్టి, ఇంకో డబ్బా తీసుకెళ్ళమన్నాడు. ముగ్గురి సలహా ఒకటే: ఇంకా ఇవ్వండి. నేను ఉడికిపోయి కరపత్రం రాశాను. పురుగుకు శత్రువులైన మంచి పురుగులను మనమే చంపుకున్నామని, ఎర్రటి అక్షరాలతో. చదివినవాళ్ళు తలూపి, మర్నాడు మందు కొట్టుకున్నారు. అప్పు మీద వేసిన పంట కళ్ళముందు మాడిపోతుంటే కరపత్రం ఎవడికి కావాలి? ఆ మందే తాగి పోయినవాళ్ళూ ఆ ఏడు ఉన్నారు. దాని గురించి వేరే చోట రాశాను, ఇక్కడ రాయను.

కోటయ్య గారి తువ్వాలు దిగడం మానేసింది. ఎండకూ మంచుకూ రంగు వెలిసి, గులాబీ అయ్యి, చివరికి చింకి అయ్యింది. పెట్టెలు మూసి ఉంచితే లోపల ఉక్క. తెరిస్తే బయట విషం. పెద్దమ్మ తడిగోనెలు కప్పి, గంటకోసారి నీళ్ళు చల్లేది. చెవి ఆనిస్తే మొదట్లో దూరాన వాన కురుస్తున్నట్టు వినిపించేది, అన్నీ కలిసి రెక్కలతో విసురుకుంటున్న చప్పుడు. రోజులు గడిచేకొద్దీ అది పలచబడింది. ఉండబట్టలేక కాసేపు తెరిచిన సాయంత్రాల మర్నాడు వాకిళ్ళ ముందు నేలంతా ఈగలు. నాలుక బయటపెట్టి, ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ ఆగిపోయేవి. పెద్దమ్మ చీపురుతో మెల్లగా చేటలోకి ఎత్తేది. ఊడ్చి పారబోయలేదు ఎప్పుడూ. మునగచెట్టు మొదట్లో గుంట తీసి వేసేది. ఆవిడ ప్రార్థన చేసుకునేదేమో నాకు తెలియదు. చేసుకున్నా ఆ రోజుల్లో నేను వాదించలేదు.

అలాంటి ఒక పొద్దున కంచె అవతల నుంచి "టీచరమ్మా" అని పిలుపు. కోటయ్య గారు. కంప పక్కకు జరిపి లోపలికి వచ్చాడు. మా పెరట్లో ఆయన కాలు పెట్టడం నేను పుట్టాక చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు మందుకు పొట్టు రేగి ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నేను తెచ్చి వేశాను. దాన్ని చూశాడు గానీ కూచోలేదు.

"గుడ్డ విప్పట్లేదు, చూస్తున్నావుగా" అన్నాడు.

"చూస్తున్నానండి."

"రోజు మార్చి రోజు కొడుతున్నా. ఇంక ఆ గుడ్డకి అర్థం లేదు. కట్టకపోతే నేను మాట తప్పినట్టు. కట్టినా నీకు ఒరిగేది లేదు. ఉన్న ఈగలన్నా దక్కాలంటే ఎక్కడికన్నా తీసుకుపో."

"ఎక్కడికి తీసుకుపోనండి? మందు కొట్టని ఊరేదండి?"

"సముద్రం ఒడ్డున పత్తి లేదు" అన్నాడు కోటయ్య గారు. పెద్దమ్మకు వెంటనే రత్నమ్మ గుర్తొచ్చింది. తనతో పాటు పంతులమ్మ చదువు చదివి కొత్తపట్నం దగ్గర జాలరిపల్లె బడిలో చేరిన స్నేహితురాలు. బడి వెనకంతా జీడిమామిడి తోట. పేట దాకా బండి తను కడతానని, అక్కడి నుంచి మిల్లు లారీ ఒకటి ఒంగోలు వైపు ఖాళీగా పోతుందని కోటయ్య గారు చెప్పాడు. పోతూ పోతూ నన్ను చూసి, "నువ్వడిగిందానికి మా అమ్మ ఇంకా గొణుక్కుంటానే ఉంది. జవాబు తనే చెప్పింది, గొణుగుడూ తనదే" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ దగ్గు వచ్చింది. మంచినీళ్ళు కావాలా అని పెద్దమ్మ అడగలేదు. అడిగితే ఆయన వద్దనాల్సి వస్తుంది. ఆ ఇబ్బందిని ఆయనకు తప్పించింది. ఇది రాయకుండా వదిలేస్తే కథ ఇంకా తియ్యగా ఉండేది, అబద్ధంగానూ ఉండేది.

ఆ సాయంత్రం ఈగలు గూటికి చేరాక వాకిళ్ళు మూసి, పెట్టెలను తాళ్ళతో బిగించాం. ఈగల చప్పుడుకు ఎడ్లు బెదురుతుంటే కోటయ్య గారు బండి ఎక్కకుండా, కాడి పట్టుకుని పేట దాకా నడిచాడు. లారీలో ఇంకా పత్తిపింజలు అంటుకుని ఉన్నాయి. పెద్దమ్మ ముందు కూచోనంది, పెట్టెల మధ్యే కూచుంది. డ్రైవరు, "పెట్టెల్లో ఏముందమ్మా?" అన్నాడు. "పిల్లలు నాయనా. కుదిపితే కుడతారు" అంది. అతను తర్వాత గుంతల దగ్గర లారీని పల్లకీలా నడిపాడు. తెల్లారేసరికి ఉప్పుగాలి, చేపల వాసన, రత్నమ్మ గారి పెద్దగొంతు. జీడిమామిడి నీడలో పెట్టెలు దించి వాకిళ్ళు తెరిచాం. ఈగలు వెంటనే ఎగిరిపోలేదు. బయటికొచ్చి, పెట్టె వైపే ముఖం పెట్టి, గాలిలో అటూ ఇటూ ఊగుతూ ఆ చోటును నేర్చుకున్నాయి. తర్వాత ఒక్కొక్కటే పూల వైపు పోయాయి. పెద్దమ్మ ఇసుకలో కాళ్ళు చాపుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూచుంది. అంత తృప్తిగా ఆవిడను మళ్ళీ చూడలేదు.

మాఘమాసంలో, పత్తిచేలు మోడులయ్యాక, ఈగలను తెచ్చుకుంటానని బస్సెక్కింది. రెండు రోజులకు ఒక్క ఖాళీ పెట్టె నెత్తిన పెట్టుకుని దిగింది. "ఈగలేవే అక్కా?" అని అమ్మ ఎదురొచ్చింది.

"బాగున్నయ్యి. పెట్టెలు మోయలేనంత బరువున్నయ్యి."

"మరి తేలేదేం?"

"బాగున్నయ్యి కాబట్టే తేలేదు. ఇక్కడికి తెస్తే చంపడానికి తెచ్చినట్టే."

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున ముఖం కడుక్కుని, అలవాటుగా పెరట్లోకి పోయి, ఏమీ లేని చోట కాసేపు నిలబడి వచ్చింది. తర్వాత చాలాకాలం మా ఇంట్లో నిశ్శబ్దం ఒక వస్తువులా ఉండేది. గుమ్మడి, సొర పూసేవి గానీ నిలిచేవి కాదు. అమ్మ పొద్దున్నే మగపూవు తుంచి ఆడపూవుకు అద్దేది, ఈగ చేసే పని మనిషి చేస్తున్నట్టు. మునగపూలు కింద రాలి పెరడంతా తెల్లగా ఉండేది. ఊడుస్తుంటే పెద్దమ్మ అటు చూసేది కాదు.

మళ్ళీ వానలు తగ్గాయి. నేను చదువు ముగించి పేటలోనే చిన్న ఉద్యోగంలో చేరాను. ఒక ఆదివారం ఇంటికి వస్తే పెద్దమ్మ ఆ ఖాళీ పెట్టెను ముందేసుకుని, చెంచాతో అడుగు గీకుతోంది. లోపలంతా మైనం రుద్దింది. మూకుళ్ళలో నీళ్ళు పోసింది. తర్వాత రత్నమ్మ గారు పంపిన జీడిమామిడి తేనె సీసాల్లో నింపుకుని, చీర మార్చుకుని, గడప గడపకూ బయల్దేరింది. నాకు నిజంగా భయమేసింది, ఆవిడకు మతి చెదిరిందేమోనని. వెంట పోయాను. కోటయ్య గారు అరుగు మీద నుంచి, "ఈగలు లేవుగా టీచరమ్మా, గుడ్డెందుకు?" అన్నాడు. "లేవండి. వస్తే?" అంది పెద్దమ్మ. ఆయన తలూపాడు. ముసలావిడ చెంబు తెచ్చింది. పెద్దమ్మ ఎత్తు నుంచి పోసింది. ఆ వారంలో గట్టు మీద కొత్త తువ్వాలు లేచింది.

వస్తూ డొంకలో ఆవిడను నిలదీశాను. ఖాళీ పెట్టెకు చాకిరీ చేయడం గుళ్ళో మోకరించడానికి తక్కువేమీ కాదన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. "ప్రార్థన వేరు, ఇది వేరు. ఈగ వచ్చాక పోయి అడిగితే ఆలస్యం అయిద్ది. నేను అడగడం మానేస్తే వాళ్ళు చెప్పడం మానేస్తారు. చెప్పడం ఒక్కసారి పోయిందంటే మళ్ళీ ఎవడు మొదలెడతాడే?" అంది. ఇంతకంటే హేతుబద్ధమైన మాట ఆ గోష్ఠుల గదిలో నేను వినలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ అడిగింది. కోటయ్య గారు ఉన్నన్నాళ్ళూ గుడ్డ కట్టాడు. ఈగలు రాలేదు. అబద్ధం చెప్పి ఆవిడను గెలిపించను.

ఆ రోజులు బంగారమనే వాళ్ళతో నాకు పేచీ. అరుగు కింద నిలబడి తేనె పోసిన చెయ్యి నాకు గుర్తుంది, ఆ బంగారం నాకొద్దు. మొన్న సరోజ వేసిన అట్టు తిని, కోడిని గంపలోకి మార్పించి, పెట్టె కడిగించి, మీద మూతగా ఒక పలక వేయించాను. తర్వాత గుంటూరు నుంచి తెచ్చిన కొట్టు తేనెసీసా ఒకటి సంచిలో ఉంటే పట్టుకుని కోటయ్య గారింటికి పోయాను. ఆయనా లేడు, ఆ ముసలావిడా లేదు. మనవడు హరీష్ ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు. సోఫాలో కూచున్నాను. అతని భార్య సీసాను నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకుని, మూత తిప్పి వాసన చూసి, "ఒరిజినలేనా ఆంటీ?" అని నవ్వింది. టీ ఇచ్చింది. వాళ్ళ కప్పులోనే. ఇందుకోసం నేను రాసిన కాగితాలెన్నో, ఆ కప్పు అడుగుదాకా తాగాను.

అప్పుడు అడిగాను, మందు కొట్టేముందు చెబుతావా అని. హరీష్‌కు అర్థం కాలేదు. తాతగారి తువ్వాలు గురించి చెప్పాను. వినలేదట ఎప్పుడూ. "ఇప్పుడంతా డ్రోనండీ. ఫోన్‌లో బుక్ చేస్తాం, వాడెప్పుడొస్తాడో నాకే తెలీదు. అయినా ఎవరికి చెప్పాలండీ, ఈగలెక్కడున్నాయి?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నా గొంతులోంచి నాది కాని మాట వచ్చింది: "లేవు బాబూ. వస్తే?" అతను పెద్దావిడను నొప్పించడం ఎందుకనుకున్నాడేమో, ఫోన్ తీసి నా నెంబరు అడిగాడు.

అనుకోలేదు గానీ, నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది. "రేపు మందు అండీ." అంతే ఉంది. గుంటూరులో మూడో అంతస్తు బాల్కనీలో, కింద బండ్ల మోత వింటూ దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. చెప్పడం మొదలైంది. సరోజకు ఫోన్ చేశాను. పాతగుడ్డ ఒకటి తడిపి, చుట్టి, పెట్టె వాకిలి మూయమన్నాను.

"లోపల ఏమీ లేదు కదత్తా" అంది.

"తెలుసు. మూయి" అన్నాను. "రేపు సాయంత్రం మళ్ళీ తెరువు."